కుండీలో చౌడు: మిద్దె తోటలో ఎరువు ఎక్కువైతే మొక్కకు ఏమవుతుంది

క్లుప్తంగా: ఆకు కొనలు మాడి, మట్టి తడిగా ఉన్నా కుండీలో మొక్క వడలిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఎరువు ఎక్కువైందేమోనని. ఎరువులోని లవణాలు, నీటిలోని లవణాలు, మే నెల ఎండ కలిసి చిన్న కుండీని చౌడు నేలగా మార్చేస్తాయి. మట్టిని మంచినీటితో నిదానంగా కడిగి, రెండు మూడు వారాలు ఏమీ వేయకుండా ఆగితే చాలా మొక్కలు తేరుకుంటాయి.

విజయవాడ సత్యనారాయణపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఒక మేడ మీద, పన్నెండు అంగుళాల కుండీలో మిరప మొక్క ఉందనుకుందాం. నెల క్రితం దాకా కళకళలాడింది. ఇప్పుడు ఆకులు మామూలు కన్నా ముదురు రంగులో, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. కొనలు కిందికి వంగి పిట్టగోళ్లలా ఉన్నాయి. కింది వరుస ఆకుల చివర అర అంగుళం మేర మాడి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. కుండీ లోపలి అంచున, మట్టి తగిలే చోట, సున్నంతో గీసినట్టు తెల్లటి వలయం ఏర్పడింది. పొద్దున్నే నీళ్లు పోశారు. వేలు గుచ్చి చూస్తే మట్టి తడిగానే ఉంది. అయినా పది గంటలకల్లా మొక్క తల వాల్చేసింది.

ఇది చూసి ఎక్కువ మంది చేసే పని ఒకటే: మొక్కకు బలం చాలలేదని ఇంకో చెంచా ఎరువు వేస్తారు. మర్నాటికి ఇంకాస్త వాడుతుంది. దాహం వేసిందని నీళ్లు పోస్తారు, ఆపైన పురుగేమోనని మందు కొడతారు. ఎరువు చాలకపోయినా, ఎక్కువైనా పైకి కనిపించేది వాడిపోయిన మొక్కే కాబట్టి ఈ పొరపాటు సహజం. లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు.

చెంచా లెక్క, సంచి లెక్క

ఈ రెండు ఊళ్లలో మిద్దె మీద మొక్కలు పెంచే కుటుంబాల్లో చాలామందికి పల్లెలో పొలం సంబంధం ఉంటుంది. వచ్చేటప్పుడు సంచి అడుగున మిగిలిన యూరియానో, డీఏపీనో (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) ఒక డబ్బాలో పోసి తెచ్చుకుంటారు. ‘పిండి (ఎరువు) వేస్తే చేను తిరుగుతుంది’ అన్నది చిన్నప్పటి నుంచి చూసిన అనుభవం. పొలంలో అది నిజమే. కుండీకి వచ్చేసరికి చిక్కు కొలత దగ్గర వస్తుంది.

యూరియా సంచి బరువు 45 కిలోలు. ఎకరాకు ఒక సంచి చల్లారంటే సెంటుకు 450 గ్రాములు పడినట్టు. పన్నెండు అంగుళాల కుండీ మూతి వైశాల్యంతో లెక్కిస్తే సెంటు నేలలో అలాంటివి సుమారు 550 పడతాయి. అంటే ఆ మోతాదులో ఒక్కో కుండీ వాటా ఒక గ్రాము కూడా కాదు, 0.8 గ్రాములు. గోపురంలా తీసిన టీ చెంచాడు యూరియా సుమారు ఐదు గ్రాములు తూగుతుంది. ఒక కుండీకి ఒక చెంచా వేశారంటే, ఎకరాకు ఒకే విడతలో ఆరు సంచులు చల్లినట్టు. ఏ మిరప రైతూ ఆ పని చేయడు. యూరియా ఇచ్చే నత్రజనిని దఫదఫాలుగా, నాలుగైదు సార్లు పంచి వేస్తాడు.

ఇంకో తేడా కూడా ఉంది. పొలంలో వేరు లోతుకు, పక్కకు పరుచుకుంటుంది. ఎరువు ఒక చోట ఎక్కువ పడినా వేరు మరోవైపు తిరుగుతుంది. వాన పడితే లవణాలు కిందికి దిగిపోతాయి. కుండీలో వేరుకు పారిపోయే దారి లేదు. వేసినదంతా ఆ పదీ పన్నెండు లీటర్ల మట్టిలోనే తిరగాలి.

మాగాయ ఊటలో ఉన్న సూత్రం

మాగాయకు మామిడి ముక్కలు తరిగి, ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట పైకి వస్తుంది. చుక్క నీళ్లు కూడా ఎవరూ పోయలేదు. ఆ ఊటంతా ముక్కలోది. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ కావడంతో ముక్క కణాల్లోని నీరు పొర దాటి బయటికి వచ్చేసింది. దీన్ని ద్రవాభిసరణ అంటారు.

మొక్క వేరు నీరు తాగేది కూడా ఈ సూత్రం మీదే, దిశ మాత్రం తిరగబడి ఉంటుంది. మామూలుగా వేరు కణాల్లో లవణాల గాఢత మట్టి నీటిలో కన్నా ఎక్కువ. అందుకే నీరు లోపలికి వస్తుంది. మట్టిలో ఎరువు కరిగి గాఢత పెరిగేకొద్దీ ఆ లాగుడు బలహీనపడుతుంది. ఒక దశ దాటితే నీరు వేరులోంచి వెనక్కి, మట్టిలోకి పోతుంది. తడి మట్టిలో మొక్క వాడటానికి కారణం ఇదే. నీళ్లు చుట్టూ ఉన్నాయి, తాగే వీలు లేదు.

ముందు ఆకు కొనలే ఎందుకు మాడతాయన్నది చాలామందికి వచ్చే సందేహం. వేరు నుంచి నీటితో పాటు ఎక్కిన లవణాలు ఆకులోని ఈనెల వెంట ప్రయాణించి, నీరు ఆవిరయ్యే చివరి మజిలీలో నిలిచిపోతాయి. ఆ మజిలీ ఆకు కొన, అంచు. నీరు గాలిలో కలిసిపోతుంది, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. కాలువ చివరి భూములే ముందు చౌడు బారినట్టు.

యూరియా విషయంలో మరో దెబ్బ ఉంది. అది మట్టిలో పడ్డాక యూరియేజ్ అనే ఎంజైము వల్ల విడిపోయి అమోనియంగా మారుతుంది. వెచ్చటి మట్టిలో ఈ మార్పు కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. ఆ సమయంలో గుళిక చుట్టూ క్షారగుణం పెరిగి, కొంత అమోనియా వాయువు పుడుతుంది. లేత వేరు కొనలకు అది విషం. అందుకే యూరియా వేసిన రోజు ఏమీ కాకుండా, మూడో రోజో నాలుగో రోజో మొక్క ఒక్కసారిగా డీలా పడుతుంది. ఈ ఆలస్యం వల్లే ఇంటివారికి కారణం తట్టదు. ‘ఎరువు వేసి అప్పుడే నాలుగు రోజులైంది కదా, దానివల్ల కాదు’ అనుకుంటారు.

మాడేంత మోతాదు పడకపోయినా నత్రజని మితిమీరితే చెట్టంతా ఆకే, కాయ ఉండదు. ఆకు మెత్తగా, రసభరితంగా ఉండటంతో రసం పీల్చే పురుగులకు విందు అవుతుంది. టమాటాలో కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లినట్టు కావడం కూడా తరచూ ఈ గొలుసులోదే. అది కాయకు కాల్షియం అందకపోవడం వల్ల వస్తుంది. అమోనియం, పొటాష్ ఎక్కువై కాల్షియంతో పోటీ పడినా, లవణాల వల్ల నీరు సరిగా ఎక్కకపోయినా కాయకు కాల్షియం చేరదు. గుడ్డు పెంకులు పొడి చేసి వేస్తే తగ్గుతుందనే నమ్మకం ఇళ్లలో గట్టిగా ఉంది గానీ, పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. ఆలోపు ఆ కాపు అయిపోతుంది.

ఉప్పు నీళ్లతోనూ వస్తుంది

ఎరువు ఖాతాలో మాత్రమే లవణాలను లెక్కిస్తే సగం కథ వదిలేసినట్టే. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే వనరు లేనిచోట 2000 వరకు అనుమతి ఉంది. కృష్ణ కాలువ నీటికీ, అపార్ట్‌మెంటు బోరు నీటికీ రుచిలోనే తేడా తెలుస్తుంది. లీటరుకు 1000 మిల్లీగ్రాములున్న బోరు నీటిని ఎండాకాలంలో రోజుకు రెండు లీటర్ల చొప్పున పోస్తే, రెండు నెలల్లో ఆ కుండీలోకి 120 గ్రాముల లవణాలు చేరతాయి. కొంత సున్నంగా గడ్డకట్టినా, అడుగు రంధ్రం నుంచి నీరు బయటికి పోకపోతే మిగిలిందంతా లోపలే. చెంచా ఎరువు కూడా వేయని కుండీలో ఆకు కొనలు మాడటానికి ఇదే కారణం.

ఆర్వో మిషను వదిలే నీటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వృథా ఎందుకని ఆ బకెట్టును మేడ మీదికి మోసుకెళ్లి మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. పొదుపు ఆలోచన మంచిదే. కానీ మిషను మంచినీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ బకెట్టులోనే ఉన్నాయి. పోసిన నీటిలో సగం మంచినీరుగా వస్తే, మిగిలిన సగంలో లవణాల గాఢత దాదాపు రెట్టింపు. ఇల్లు తుడవడానికి, బాత్రూము కడగడానికి వాడుకోవచ్చు. కుండీలకు అది పనికిరాదు.

ఇక ఎండ. రోహిణి కార్తెలో విజయవాడ మేడ మీద స్లాబు కింది నుంచి, సూర్యుడు పై నుంచి కుండీని కాలుస్తాయి. నీరు ఎగిరిపోతుంది, ఉప్పు ఎగరదు. పొద్దున సరిపోయిన గాఢత మధ్యాహ్నానికి మట్టి ఆరేకొద్దీ రెట్టింపవుతుంది. డిసెంబరులో మొక్క తట్టుకున్న మోతాదే మేలో దాన్ని కాల్చడానికి కారణం అదే.

అన్ని మొక్కలూ ఒకేలా తట్టుకోలేవు. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ వాడే పట్టికల ప్రకారం తడిపిన మట్టి నుంచి తీసిన నీటిలో విద్యుత్ వాహకత (లవణాలు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది) బీన్స్‌కు మీటరుకు 1.0, మిరపకు 1.5, టమాటాకు 2.5 డెసీసీమెన్స్ దాటినప్పటి నుంచి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఒకే నీరు, ఒకే ఎరువు వేసినా టమాటా బాగుండి పక్కనున్న బీన్స్ మాడిపోవడంలో వింతేమీ లేదు.

సేంద్రియమైతే ఎంత వేసినా ఫరవాలేదా

ఈ ప్రశ్న అడగాల్సిన అవసరం పెరిగింది. ప్రకృతి సేద్యం గురించి రాష్ట్రంలో ప్రచారం పెరిగాక చాలామంది రసాయన ఎరువులు మానేసి జీవామృతానికి, పిండి చెక్కలకు (గింజల నుంచి నూనె తీయగా మిగిలే పిప్పి), కోళ్ల ఎరువుకు మళ్లారు. మట్టికి అది మంచి మార్పే. అయితే ‘ఇది సహజం కాబట్టి ఎక్కువైనా మాడదు’ అన్న నమ్మకానికి ఆధారం లేదు.

వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం. వంద గ్రాముల చెక్క నానబెట్టి పులియబెట్టి ఒకే కుండీలో పోస్తే, పదిహేను గ్రాముల యూరియాలో ఉండేంత నత్రజని పడినట్టు. నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి పొడి చెక్క కొంత నయం. పులిసిన నీళ్లలో మాత్రం అమోనియం అప్పటికే తయారై ఉంటుంది. కోళ్ల ఎరువు మాగకుండా వేస్తే మరీ ప్రమాదం. పచ్చి పేడ మట్టిలో కుళ్లుతూ వేడి పుట్టిస్తుంది, వేరు చుట్టూ గాలి లేకుండా చేస్తుంది. మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం చుట్టూ మాత్రమే ఉంటుంది. చేయి కాస్త జారినా మొక్క బతికేది దానితోనే.

కోకోపీట్ గురించి ఒక మాట. కొబ్బరి పీచు నుంచి వచ్చే ఈ పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం లవణాలుంటాయి. కడగని దిమ్మెను నానబెట్టి అలాగే నింపితే మొక్క నాటకముందే కుండీ సగం ఉప్పెక్కి ఉంటుంది.

గుర్తుపట్టడం ఎలా

ఒక్క ఆకును చూసి తీర్పు చెప్పడం కష్టం. ముసలి ఆకు, లేత ఆకు, మట్టి, ఈ మూడింటినీ కలిపి చూడాలి. నత్రజని చాలకపోతే కింది ఆకులు మొత్తంగా లేత పసుపుకు తిరుగుతాయి, కొనలు మాడవు, మొక్క గిడసబారుతుంది. ఎక్కువైతే రంగు ముదురుతుంది, కొన మాడుతుంది. పొటాష్ లోపంలోనూ కింది ఆకుల అంచులు మాడతాయి కాబట్టి తికమక వస్తుంది. అప్పుడు కుండీ అంచున తెల్లటి వలయం ఉందా, ఈ నెలలో ఎన్నిసార్లు ఎరువు పడింది అన్నవి చూస్తే విషయం తేలిపోతుంది. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము అందట్లేదని అర్థం. డీఏపీ పదేపదే వేసిన కుండీలో ఇది కనిపిస్తే ఇనుము వేయడం తొందరపాటు. మితిమీరిన భాస్వరం ఇనుము, జింకులను వేరుకు అందకుండా చేస్తుంది.

మిరపలో మరో తికమక ముడత. తామర పురుగు తగిలితే ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అవుతాయి. దాన్నే పై ముడత అంటారు. తెల్లనల్లి తగిలితే కిందికి తిరగేసిన పడవలా ముడుచుకుంటుంది, అది కింది ముడత. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరప చేలను దెబ్బతీశాక, మేడ మీద మిరప ముడుచుకోగానే ‘నల్లి’ అని స్ప్రే చేసేవారు ఎక్కువయ్యారు. నత్రజని మితిమీరినప్పుడూ ఆకు కిందికే వంగుతుంది గానీ వంపు కొనకే పరిమితమవుతుంది, ఆకు వెడల్పు తగ్గదు, రంగు ముదురుతుంది. నల్లి పట్టిన ఆకు సన్నబడి, గరుకుగా అవుతుంది. భూతద్దం పట్టి ఆకు అడుగు చూస్తే అనుమానం తీరుతుంది. ఇప్పటికే లవణాలతో బాధపడుతున్న మొక్కకు అనవసరంగా పురుగుమందు కొట్టడం రెండో శిక్ష.

నీరు ఎక్కువైనా మొక్క తడి మట్టిలోనే వాడుతుంది. అక్కడ మట్టి ముక్కవాసన వేస్తుంది, వేరు గోధుమరంగులోకి మారి జారుడుగా ఉంటుంది, ఆకు కొన మాడటం కన్నా పసుపెక్కి రాలడం ఎక్కువ.

కొలిచి చూడాలనుకునేవారికి నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపే, తాగునీటి కోసం వాడే చిన్న టీడీఎస్ మీటరు చాలు. కుండీకి మామూలుగా నీళ్లు పోసి, అరగంట ఆగి, ఇంకో గ్లాసు పోస్తే అడుగు నుంచి వచ్చే నీటిని చిన్న గిన్నెలో పట్టాలి. పోసిన నీటి అంకెతో, ఎరువు వేయని కుండీ నుంచి పట్టిన నీటి అంకెతో పోల్చాలి. అనుమానం ఉన్న కుండీ అంకె మిగతావాటి కన్నా రెండు మూడు రెట్లుంటే విషయం తేలినట్టే. ఇందులో ఒక మెలిక ఉంది. మీటరు కొలిచేది విద్యుత్తును మోసే అయాన్లను. యూరియా కరిగినా అయాన్లుగా విడిపోదు. నిన్న యూరియా వేసిన కుండీలో ఈ రోజు మీటరు మామూలు అంకే చూపించవచ్చు. అది అమోనియంగా మారాకే అంకె పెరుగుతుంది.

కడగడం

చౌడు నేలను బాగుచేయడానికి రైతులు మళ్లు కట్టి నీరు నిలిపి, కింది కాలువల ద్వారా లవణాలను తోసేస్తారు. కుండీకీ అదే వైద్యం. మట్టి లోతుకు సమానమైన మందాన నీరు కిందికి దిగితే లవణాల్లో సుమారు 80 శాతం, దానికి రెట్టింపు దిగితే 90 శాతం పోతాయన్నది నేల శాస్త్రంలో వాడుకలో ఉన్న లెక్క. పన్నెండు లీటర్ల మట్టి ఉన్న కుండీకి పన్నెండు నుంచి ఇరవై నాలుగు లీటర్లు అన్నమాట. కుళాయిలో వచ్చే కృష్ణ నీరు లేదా పట్టి ఉంచిన వాన నీరు ఇందుకు శ్రేష్ఠం.

ముందు పైపొర చూడాలి. కరగని డీఏపీ గుళికలు కనిపిస్తే ఏరేయాలి. తెల్లటి పొరతో సహా పై అంగుళం మట్టిని గీకి తీసేయాలి. అది తీయకుండా కడిగితే ఆ లవణాలన్నీ కిందికి, వేరు దగ్గరికే దిగుతాయి కదా. తర్వాత అడుగు రంధ్రం తెరిచి ఉందో లేదో పుల్లతో చూసి, కుండీని రెండు ఇటుకల మీద పెట్టాలి. కింద పళ్లెం ఉంటే తీసేయాలి. పళ్లెంలో నిలిచిన ఉప్పునీటిని మట్టి మళ్లీ పైకి పీల్చుకుంటుంది.

నీరు ఒకేసారి గుమ్మరించకూడదు. గుంటూరు వైపు కుండీల్లో ఎక్కువగా నల్లరేగడి ఉంటుంది. ఎండితే అది ముడుచుకుని కుండీ గోడ నుంచి విడిపోతుంది. పోసిన నీరంతా ఆ సందులోంచి జారి నిమిషంలో కిందికి వచ్చేస్తుంది, మట్టి మధ్యలో లవణం చెక్కుచెదరదు. నీరు వచ్చింది కాబట్టి కడిగామని అనుకుంటారు. అలాంటి కుండీకి ముందు కొద్దిగా తడిపి, అరగంట నానిచ్చి, సందులు మూసుకున్నాక రెండేసి లీటర్ల చొప్పున విడతలుగా పోయాలి. సాయంత్రం పూట మొదలుపెడితే మొక్కకు ఎండ దెబ్బ తోడవదు.

కడగడానికీ హద్దులున్నాయి. నైట్రేటు, క్లోరైడు నీటితో సులభంగా వెళ్లిపోతాయి. అమోనియం బంకమట్టి కణాలకు అతుక్కుంటుంది, పోవడానికి సమయం పడుతుంది. భాస్వరం దాదాపు కదలదు. డీఏపీ ధారాళంగా వేసిన మట్టిని కడగడం కన్నా సగం మార్చడమే దారి. వేరు ఇప్పటికే కుళ్లి ఉంటే నీళ్లు ఇంకా నష్టం చేస్తాయి. మొక్కను మట్టిగడ్డతో బయటికి తీసి, చచ్చిన వేర్లు కత్తిరించి, రసాయన ఎరువు కలపని ఎర్రమట్టి, ఇసుక, కొద్దిగా మాగిన పశువుల ఎరువు మిశ్రమంలో నాటాలి.

విదేశీ చార్టులతో వచ్చే చిక్కు

ఆకు మాడు బొమ్మలు, ఎరువు మోతాదు చార్టులు ఇంటర్నెట్‌లో వెదికితే కనిపించే వాటిలో చాలా భాగం గంజాయి ఇంట్లో పెంచుకోవడం చట్టబద్ధమైన దేశాల వారు తయారుచేసుకున్నవి. కెనడాలో 2018 నుంచి దానికి అనుమతి ఉంది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆ సాగు నేరం, ఇంట్లో ఒక్క మొక్క ఉన్నా అంతే. ఆకు కొన ఎందుకు మాడుతుందన్న వివరణ ఏ మొక్కకైనా ఒకటే కాబట్టి ఆ బొమ్మలు కొంతవరకు అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి. వాటి మోతాదులు మాత్రం గదిలో దీపాల కింద, అదుపులో ఉంచిన ఉష్ణోగ్రతలో, తరచూ మట్టే లేని మాధ్యమంలో, దాదాపు లవణాలు లేని నీటితో వేసినవి. బోరు నీరు, నల్లమట్టి, 43 డిగ్రీల ఎండ ఉన్న మేడకు ఆ అంకెలను దించితే మొక్క మిగలదు. కోతకు ముందు వారాల తరబడి కడగాలనే సలహా కూడా అక్కడిదే. కాస్తున్న వంకాయకో టమాటాకో దానితో పనిలేదు.

తేరుకునే రోజులు

మాడిన కొన మళ్లీ పచ్చబడదు. అది చూస్తూ ‘ఇంకా తగ్గలేదు’ అని మళ్లీ ఏదో ఒకటి వేయడమే చాలా మొక్కలను చివరికి చంపేది. చూడాల్సింది కొత్త చిగురును. కడిగిన వారం నుంచి రెండు వారాల్లో కొన మాడని లేత ఆకు విచ్చుకుంటే వేరు పనిచేయడం మొదలుపెట్టినట్టు. పాత ఆకుల్లో సగానికి పైగా పచ్చగా ఉన్నవాటిని తుంచకూడదు, మొక్క ఆహారం తయారుచేసుకునేది వాటితోనే. అంతవరకు సగం నీడ ఇచ్చే షేడ్ నెట్ కింద ఉంచితే ఆవిరి తగ్గి వేరు మీద భారం తగ్గుతుంది.

రెండు మూడు వారాల తర్వాత, చిగురు కనిపించాకే, మళ్లీ ఎరువు. చెంచాతో నేరుగా మట్టిలో వేసే అలవాటు మానుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. వంటింటి త్రాసులో పది గ్రాముల 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే, నీటిలో కరిగే ఎరువు) తూచి పది లీటర్ల బకెట్టులో కలిపితే లీటరుకు గ్రాము వస్తుంది. ముందు రోజు తడిపి ఉంచిన కుండీకి అందులోంచి ఒక లీటరు పోయాలి. మొదటి రెండు సార్లు అందులోనూ సగమే. పదిహేను రోజులకు ఒకసారి. నెలకొకసారి కుండీ అడుగు నుంచి ధారగా వచ్చేదాకా మంచినీరు పోసి పేరుకున్నది వదిలించాలి. జూన్‌లో తొలకరి పడినప్పుడు కుండీలను సన్‌షేడ్ కిందికి లాగకుండా బయటే ఉంచితే ఆ నెల కడుగుడు వానే చేసిపెడుతుంది.